ప్రపంచ ర్యాంకు సరే, అది ఏ లెక్కన వచ్చింది?

ప్రశ్న: మాది ఆమదాలవలస. మావాడు శ్రీకాకుళంలో బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. పొద్దున్నా సాయంత్రం జిమ్ములోనే. క్రాస్‌ఫిట్ (బరువులు, పరుగు, గెంతులు కలిపి చేసే వ్యాయామం) ఓపెన్ అనే ఆన్‌లైన్ పోటీలో ప్రపంచ ర్యాంకు ఇరవై వేల లోపు వచ్చిందట. దాంతో స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వస్తుందనీ, చదువు ఆపేస్తాననీ అంటున్నాడు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: ఆ ర్యాంకుతో ఉద్యోగం రాదండీ. కేంద్ర ప్రభుత్వ స్పోర్ట్స్ కోటాకు గుర్తింపు పొందిన క్రీడల జాబితా ఒకటుంది. అందులో వెయిట్‌లిఫ్టింగ్ ఉంది, పవర్‌లిఫ్టింగ్ ఉంది, క్రాస్‌ఫిట్ లేదు. కాబట్టి చదువు ఆపే మాట పక్కన పెట్టించండి.

ఇక ర్యాంకు సంగతి. మనకు ర్యాంకు అనగానే ఎంసెట్ గుర్తొస్తుంది. అందరిదీ ఒకే పరీక్ష, మార్కులను బట్టి వరస. ఓపెన్‌లో లెక్క వేరు. మూడు వారాల పాటు వారానికో వర్కవుట్ ఇస్తారు. అందులో ఎన్నో స్థానం వస్తే అన్ని పాయింట్లు. ఒకటో స్థానానికి 1, పదివేలో స్థానానికి 10,000. మూడూ కూడితే ఎవరికి తక్కువొస్తే వాళ్లు పైన.

ఇందులోనే తిరకాసు ఉంది. మీవాడికి బరువులెత్తే రెండు వర్కవుట్లలో 2,000, 2,500 స్థానాలు వచ్చాయనుకుందాం. మూడోదాంట్లో స్కిప్పింగ్ తాడును ఒక్క గెంతులో రెండుసార్లు తిప్పాలి, అదే డబుల్ అండర్. అక్కడ కాళ్లకు తాడు తగులుకుంటూ 15,000కి పడిపోయాడు. మొత్తం 19,500. మూడింట్లోనూ 6,000 దగ్గరే ఉన్న ఇంకో కుర్రాడిది 18,000. ఏ బరువూ మీవాడంత ఎత్తలేడు, అయినా పైన ఉంటాడు. అన్నీ కాస్త కాస్త వచ్చినవాణ్ని పైకి తేవడానికే ఈ పద్ధతి పెట్టారు. ఆ పోటీకి అది న్యాయమే.

ఇంకోటి, మధ్య స్థానాల్లో జనం కిక్కిరిసి ఉంటారు. అక్కడ ఒక్క రెప్ (వ్యాయామాన్ని ఒక్కసారి చేయడం) తగ్గితే వందల స్థానాలు పోతాయి. పై అంచున పది సెకన్లు వెనకబడినా పోయేది ఒకటి రెండు స్థానాలే కావచ్చు. అంటే ర్యాంకు మీవాడి బలాన్నే కాదు, చుట్టూ ఎంతమంది ఉన్నారన్నదాన్నీ కొలుస్తోంది. క్రాస్‌ఫిట్ పోటీల్లో చివరి దశ అయిన గేమ్స్‌లో లెక్క తిరగబడుతుంది. ఈవెంట్‌లో మొదటివాడికి 100 పాయింట్లు, ఎక్కువ కూడినవాడు విజేత. హైరాక్స్ లాంటి పోటీల్లో ఈ గొడవే లేదు. కిలోమీటరు చొప్పున ఎనిమిది పరుగులు, మధ్యమధ్య ఎనిమిది వ్యాయామాలు, ఎవరు ముందు ముగిస్తే వాళ్లే.

మీ మండలంలోనే ఊసవానిపేట ఉంది, కరణం మల్లీశ్వరి గారి ఊరు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆమె స్నాచ్‌లో (బరువును ఒక్క ఊపులో తలపైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల దాకా, తర్వాత తలపైకి ఎత్తడం) 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. ఆ అంకె ఏ దేశంలో చూపించినా 240 కిలోలే. మీవాడు రోజూ జిమ్ములో చేసేవాటిలో ఈ రెండు లిఫ్టులూ ఉంటాయి. ర్యాంకు స్క్రీన్‌షాట్ కాదు, తన శరీర బరువెంత, ఆ రెండింట్లో ఎంతెంత ఎత్తగలడో కాగితం మీద రాసిమ్మనండి. ఆ అంకెలు చూస్తే మీవాడు వెయిట్‌లిఫ్టింగ్ పోటీలకు పనికొస్తాడో లేదో ఏ కోచ్ అయినా ఐదు నిమిషాల్లో చెప్పేస్తాడు.

ఒలింపిక్స్ స్థాయికి ఈ వయసులో మొదలుపెట్టడం ఆలస్యమే, ఆశ పెట్టను. కానీ కోటాకు ఒలింపిక్స్ అక్కర్లేదు. విశ్వవిద్యాలయం తరఫున అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడితే వర్సిటీ క్రీడాధికారి ఫారం-3 ఇస్తారు. రాష్ట్రం తరఫున జాతీయ పోటీల్లో ఆడితే రాష్ట్ర సంఘం కార్యదర్శి ఫారం-2 ఇస్తారు. ఉద్యోగ దరఖాస్తులో పనికొచ్చే కాగితాలు ఇవీ. ఆ సంఘానికి గుర్తింపు ఉందో లేదో ముందే కనుక్కోండి, లేకపోతే సర్టిఫికెట్ ఫ్రేము కట్టించుకోడానికి తప్ప దేనికీ అక్కరకు రాదు. ఫారం-3 కావాలంటే కాలేజీలో పేరు ఉండాలి, చదువు ఆపొద్దన్నది అందుకు కూడా.

జిమ్ములో అమ్మే పౌడర్ల విషయం గట్టిగా చెప్పండి, వాటిలో నిషేధించిన మందులు కలిసి ఉండొచ్చు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో విజయనగరం జిల్లా కొండవెలగాడ అమ్మాయి మత్స సంతోషి 53 కిలోల విభాగంలో మూడో స్థానంలో నిలిచింది. స్వర్ణం గెలిచిన అమ్మాయి డోప్ పరీక్షలో దొరికిపోవడంతో సంతోషికి రజతం దక్కింది. డబ్బాలో ఏముందో తెలియక తాగానన్నంత మాత్రాన నిషేధం తప్పుతుందన్న నమ్మకం లేదు.

కోచింగ్ వైపు మనసుంటే డిగ్రీ తర్వాత పీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి బీపీఈడీ (వ్యాయామ విద్యలో డిగ్రీ) చేయొచ్చు, పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ ఎన్ఐఎస్‌లో కోచింగ్ కోర్సులూ ఉన్నాయి. జిమ్ ట్రైనర్‌గా స్థిరపడాలన్నా ఆ కాగితం విలువ వేరు. ఓపెన్ మానేయమని మాత్రం నేననను, సరదాకి ఏడాదికోసారి ఆడుకోనివ్వండి.

ఈ వారమే కాలేజీ పీడీ (ఫిజికల్ డైరెక్టర్) గారిని కలిసి, ఎచ్చెర్ల అంబేద్కర్ వర్సిటీ వెయిట్‌లిఫ్టింగ్ సెలెక్షన్లు ఎప్పుడో, ఏ బరువు విభాగంలో పేరు ఇవ్వాలో అడగమనండి. మీరు కూడా వెంట వెళ్తే మంచిది.