రివ్వున పోలేదు

తమ్ముడూ,

సైన్యం వాడే భారీ సరుకు విమానం మీద నీ వ్యాసం అందింది. మొదటి పేజీలోనే ఆగిపోయాను. "సీ-17 గ్లోబ్‌మాస్టర్ రివ్వున దూసుకుపోయింది" అని రాశావు. నిజం చెప్పు, నువ్వు చూసినప్పుడు అది రివ్వున పోయిందా? అలా పోయి ఉంటే మెడ నొప్పి పుట్టేదాకా ఎలా చూస్తూ నిలబడ్డావు?

రివ్వున పోయేది పిట్ట. సీ-17 పొడవు 53 మీటర్లు. దిగేటప్పుడు సెకనుకు సుమారు 60 మీటర్ల వేగంతో వస్తుంది. అంటే తన ఒళ్ళంత దూరం తాను దాటడానికే దాదాపు ఒక సెకను కావాలి. 15 మీటర్ల ఫైటర్ అదే వేగంతో వస్తే పావు సెకను చాలు. మన కన్ను వేగాన్ని కిలోమీటర్లలో చూడదు, ఎంత ఒళ్ళు ఎంతసేపట్లో దాటింది అని చూస్తుంది. అందుకే నిండా సరుకూ ఇంధనంతో 265 టన్నుల దాకా తూగే విమానం గాల్లో ఆగిపోయిందేమో అనిపిస్తుంది. ఆ అనిపించడమే నీ వ్యాసానికి ప్రాణం. ఒక్క మాటతో దాన్ని తీసేశావు.

ఇక "లోహ విహంగం". నాలుగుసార్లు వాడావు. ఈ మాటంటే నాకు మొదట్నుంచీ ఒళ్ళు మంట. విమానం కనిపిస్తే చాలు, పత్రికలవాళ్ళు ఇదే అంటిస్తారు. ఆ రెక్క సంగతి నువ్వెందుకు రాయలేదు? నేల మీద ఉన్నప్పుడు కొసలు కిందికి వాలి ఉంటాయి. గాల్లోకి లేచాక బరువంతా రెక్కల మీద పడి, కొసలు పైకి వంగుతాయి. దిగేటప్పుడు ఇంజిన్ల గాలి, రెక్క వెనక అంచున కిందికి దించిన పలకలకి (ఫ్లాప్స్‌కి) తగిలి కిందికి మళ్ళుతుంది. అంత బరువుతో అంత నిదానంగా రాగలగడం దానివల్లే. ఇదంతా నీ కళ్ళ ముందే జరిగింది కదా.

నా మొదటి వ్యాసం సీ-5 గెలాక్సీ మీద, సీ-17 కన్నా పెద్ద సరుకు విమానం అది. రన్‌వే కంచె బయట మూడు సాయంత్రాలు నిలబడ్డాను. 28 చక్రాలు దానికి. వెనక చక్రాలు నేలను తాకగానే రబ్బరు పొగ లేచేది, ముక్కు మాత్రం ఇంకా పైనే ఉండేది. "నిదానంగా వచ్చి దిగింది" అని రాశాను. అచ్చయ్యాక చూస్తే "మెరుపు వేగంతో" అని ఉంది. అడిగితే, నిదానం అంటే పాఠకుడికి నిద్రొస్తుందన్నాడు ఎడిటర్. ఆ తర్వాత రెండేళ్ళు అక్కడికి నేనేం పంపినా తిరిగొచ్చేది. ఇన్నేళ్ళయినా ఆ మాట మరిచిపోలేదు.

ఆ గెలాక్సీ పాత ఇంజిన్ల కూత ఒకటుండేది, సన్నగా, పైకి పైకి పోతూ. ఎలా రాయాలో తెలియక వదిలేశాను. కొత్త ఇంజిన్లు వేసి సీ-5ఎం చేశాక ఆ కూత పోయింది. ఇప్పుడు వెళ్ళి విని రాద్దామన్నా లేదు. అన్నిటికన్నా పెద్ద సరుకు విమానం ఆంటొనోవ్ 225 అయితే లోకం మొత్తానికి ఎగిరింది ఒక్కటే, 2022 ఫిబ్రవరిలో నాశనమైంది. సీ-17ల తయారీ 2015లోనే ఆపేశారు. ఎగురుతున్నప్పుడే రాయాలి తమ్ముడూ, చూసింది చూసినట్టు.

నీడ నీ మీదుగా దాటుతున్నంతసేపు ఊపిరి బిగబట్టానన్న వాక్యం బాగుంది. దాన్ని ముట్టుకోకు.

ఈసారి వెళ్ళినప్పుడు ఫోన్ జేబులో పెట్టు. ఏదైనా స్తంభం ఎదురుగా నిలబడి, విమానం ముక్కు దాన్ని దాటినప్పటి నుంచి తోక దాటేదాకా మనసులో లెక్కపెట్టు. ఆ తర్వాత ఆ పేరా తిరగరాసి పంపు.

ఆశీస్సులతో,
అన్నయ్య