ఇల్లు పెట్టబోతున్న మా గుంటకు

బంగారు తల్లీ,

ఆ అబ్బాయీ నువ్వూ కలిసి ఉండటానికి మధురవాడలో ఇల్లు చూసుకున్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చెప్పి ఏడ్చింది. పెళ్లి కాకుండా ఇదేటి పని అని దాని బాధ. నాకూ రాత్రి నిద్ర పట్టలేదు గానీ నా బెంగ వేరు. మన కాశీబుగ్గ గుంట సొంత జీతంతో ఇల్లు పెడుతోందంటే నాకు గర్వమే. ఆ ఇంట్లో గిన్నెలెవరు తోముతారన్నదే భయం.

పాలు, గ్యాసు, పనిమనిషి సంగతి మీరే చూసుకుంటారు. అడ్వాన్సు రసీదు దాచుకో. అద్దె ఒప్పందంలో నీ పేరూ ఉండాలి.

నా తోడబుట్టిన అప్ప, మా అక్క సంగతి మాత్రం నీకు సగమే తెలుసు. పెళ్లైన కొత్తలో పొద్దున్నే వాకిలి ఊడ్చి కల్లాపి జల్లేది బావే. అక్కచెల్లెళ్లు లేని ఇంట్లో పెరిగాడు, చిన్నప్పటి అలవాటు. ఒకరోజు ఎదురింటావిడ చూసి నవ్వింది. అప్పకి తల కొట్టేసినట్టయి చీపురు లాక్కుంది. "మగాడివి, నీకెందుకీ పని" అంది. చీపురు తర్వాత నీళ్లు తోడటం, పిల్లల స్నానాలు, అన్నీ ఒక్కొక్కటే తన మీదికి వచ్చాయి. పగలేమో జీడిపిక్కలు కొట్టే పని. జీడి రసం తగిలి వేళ్లు నల్లబడి తోలు ఊడిపోయేది, అన్నం చెంచాతో తినేది. అదే చేతుల్తో మళ్లీ అంట్లు. బజారుకెళ్లే తీరికేదీ? కూలి డబ్బులు బావ చేతికిచ్చేసేది. బజారు ఎవరిదైతే లెక్కా వాళ్లదే, మాటా వాళ్లదే అయిపోయింది.

2018లో తిత్లీ తుపానుకి తోటలన్నీ పడిపోయాయి కదా. మా నాన్న పసుపు కుంకుమ కింద అప్పకిచ్చిన తోటను అమ్మేద్దామన్నాడు బావ. కొనేవాళ్లు వరండాలో కూర్చుని ధర తేలుస్తుంటే అప్ప వంటింట్లో టీ కాస్తోంది. గ్లాసులు అందించి, కొంగుకి చెయ్యి తుడుచుకుని, చూపించిన చోట సంతకం పెట్టింది. ఎంతకు పోయిందో రాత్రికి తెలిసింది. బావ చెడ్డవాడు కాదే. చెడ్డవాడైతే నాకింత బాధ ఉండేది కాదు.

అందుకే, ఆ అబ్బాయి తోమిన గిన్నెకి జిడ్డుంటే ఉండనీ, నువ్వు మళ్లీ తోమకు. "చెప్తే చేస్తాను కదా" అంటాడు. ఒప్పుకోకు. ఉప్పు నిండుకుందని, గ్యాసు బుక్ చెయ్యాలని గుర్తుపెట్టుకోవడమే సగం చాకిరీ. వంట అతనిదైన రోజు ఏం కూర అన్నదీ అతనే ఆలోచించుకోవాలి, నిన్ను అడగకూడదు. నెల ఖర్చుల లెక్క మాత్రం ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చూసుకోండి.

మా కాలం వేరంటావేమో. ఇంటి పని చేసే ఆడవాళ్లకు దానికే రోజుకు 289 నిమిషాలు పడుతోందని, మగవాళ్లకైతే 88 అని 2024లో కేంద్ర ప్రభుత్వం చేసిన సర్వే చెప్పింది. నీ కాలమే అది.

నీకు మొండితనం ఉంది గానీ మనుషుల దగ్గర కాదు, పని దగ్గరే. చిన్నప్పుడు నా అంగన్‌వాడీలో పిల్లలందరి కంచాలూ నువ్వే కడిగేసేదానివి. అందరూ ముచ్చటపడేవారు. నాకు మాత్రం గుండె గుబుక్కుమనేది. ఒంట్లో బాగులేని రోజు పడుకో తల్లీ. ఇల్లు అలాగే ఉండనీ.

ఇంకొకటి. 2005 నాటి గృహహింస చట్టం పెళ్లైనవాళ్లకే కాదు, పెళ్లిలాంటి బంధంలో ఒకే ఇంట్లో ఉన్న ఆడదానికీ వర్తిస్తుంది. కోర్టు ఆదేశం లేకుండా ఆ ఇంట్లోంచి గెంటెయ్యడానికి వీల్లేదు. అతన్ని అనుమానించి చెప్పట్లేదు. తెలిసి ఉండాలి, అంతే.

మీ అమ్మకి నేను నచ్చజెప్పుకుంటాను. సంక్రాంతికి ఇద్దరూ రండి. ఒప్పందం మీద సంతకాలయ్యాక రెండు పేజీలూ ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పంపు. చదివాకే సామాన్లు దింపుకోండి.

మీ పెద్దమ్మ