అతిథి ప్రసంగం ముగిశాక క్లబ్బులో ఏం జరుగుతుంది?

లయన్స్, రోటరీ వంటి సేవా క్లబ్బులో చేరమని మిత్రులు ఒత్తిడి చేస్తున్నారనీ, అతిథిగా వెళ్లిన రెండు సమావేశాల్లో ఎవరో ఒక ప్రముఖుడి ప్రసంగం, చప్పట్లు, జ్ఞాపిక, వందన సమర్పణ తప్ప సేవ అనేది కంటికి కనిపించలేదనీ, ఇలాంటి చోట చేరితే నిజంగా నలుగురికీ పనికొచ్చే పని చేయగలనా అనీ మీరు అడిగారు. నేను చాలా ఏళ్లుగా అటువంటి ఒక క్లబ్బులో సభ్యుడిగా ఉన్నాను. అందులో ఎక్కువ కాలం వక్తలను ఆహ్వానించే బాధ్యత చూశాను. కాబట్టి మీ అనుమానం నాకు కొత్తది కాదు, అది అన్యాయమని కూడా అనలేను. ప్రసంగం ఒక పద్దుగా, సేవ మరొక పద్దుగా నడిచే క్లబ్బులో రెండూ నీరసపడిపోతాయి. ప్రసంగంలోంచి పని పుట్టే క్లబ్బు దొరికితే మాత్రం తప్పకుండా చేరండి. ఈ రెంటినీ వేరు చేసి గుర్తుపట్టడం ఎలాగో నాకు తెలిసినంత వరకు చెబుతాను.

మా క్లబ్బు ఏటా ఒకసారి పెద్ద ఎత్తున రక్తదాన శిబిరం నిర్వహించేది. ఒకే రోజున వీలైనంత మందిని రప్పించడం, ఆ సంఖ్యను వార్షిక నివేదిక మొదటి పేజీలో వేయడం ఆనవాయితీ. ఒక సమావేశానికి బ్లడ్ బ్యాంకులో పనిచేసే వైద్యురాలిని వక్తగా పిలిచాం. ఆవిడ స్లైడ్లేవీ తేలేదు. రక్తం సేకరించే ఖాళీ సంచి ఒకటి తెచ్చి, ముందు వరుసలో ఒకరి చేతికిచ్చి, వెనక వరకూ అందరినీ చూడమన్నారు. పెద్ద సంచికి సన్నని గొట్టాలతో చిన్న సంచులు కలిపి ఉన్నాయి. దాత ఇచ్చిన రక్తం పెద్ద సంచిలో చేరాక దాన్ని యంత్రంలో వేగంగా తిప్పి, ఎర్ర రక్తకణాలను, ప్లాస్మాను, ప్లేట్‌లెట్లను విడదీసి ఆ గొట్టాల ద్వారానే చిన్న సంచుల్లోకి పంపుతారని, అందుకే ఒకరి రక్తం ఒకరికి మించిన రోగులకు ఉపయోగపడుతుందని వివరించారు. ఎర్ర రక్తకణాలు ఫ్రిజ్‌లో, వాటిలో కలిపే ద్రావణాన్ని బట్టి, 35 నుంచి 42 రోజుల వరకు నిలుస్తాయి. గడ్డకట్టించిన ప్లాస్మాను ఏడాది దాకా ఉంచవచ్చు. ప్లేట్‌లెట్లను మాత్రం గది ఉష్ణోగ్రత దగ్గర, ఆగకుండా ఊగే అరల మీద పెట్టి కాపాడినా సాధారణంగా 5 రోజులకు మించి పనికిరావు.

ఇంతవరకు అది మంచి ఉపన్యాసం, అంతే. అసలు మాట ఆ తరువాత వచ్చింది. శిబిరం జరిగిన వారంలో మా సంచులు పెట్టడానికి తమ దగ్గర చోటు చాలదని, రెండు నెలలు గడిచాక రోగులకు ఇవ్వడానికి రక్తం ఉండదని, అప్పుడు మా దాతలకు ఫోన్ చేద్దామంటే అందరూ ఒకే రోజున ఇచ్చినవారు కావడంతో మళ్లీ ఇవ్వడానికి కావలసిన కొన్ని నెలల గడువు ఒక్కరికీ నిండి ఉండదని ఆవిడ ఎంతో మర్యాదగా చెప్పారు. సభలో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ తరువాత మా కోశాధికారి లేచి, అయితే ఏం చేయమంటారని అడిగారు. వంద మందిని ఒక రోజున పంపడం కంటే నెలకు పది మంది చొప్పున పంపడం తమ బ్లడ్ బ్యాంకుకు మేలని ఆవిడ సమాధానం.

ఆ సమాధానాన్ని అమల్లో పెట్టడానికి మాకు పట్టిన శ్రమ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే స్వచ్ఛంద సేవ అంటే చాలా వరకు ఇటువంటి పనే. బ్లడ్ గ్రూపుల వారీగా దాతల పట్టిక తయారైంది. ఒక్కొక్కరి పేరు ఎదురుగా చివరిసారి రక్తం ఇచ్చిన తేదీ, మళ్లీ ఇవ్వగలిగే తేదీ, వెనక్కి పంపి ఉంటే దానికి కారణం రాసుకునే గడులు గీశాం. ఇద్దరు సభ్యులు ఆ నోటుపుస్తకం పట్టుకుని ప్రతి నెలా ఫోన్లు చేసేవారు. హిమోగ్లోబిన్ తక్కువగా ఉందని ఒకసారి వెనక్కి పంపినవారు చిన్నబుచ్చుకుని మళ్లీ రారని మాకు త్వరలోనే అర్థమైంది; వాళ్లకు విడిగా ఫోన్ చేసి, అది తాత్కాలికమేనని, ముందు వైద్యుడికి చూపించుకోమని చెప్పే బాధ్యతను విశ్రాంత ఉపాధ్యాయురాలైన ఒక సభ్యురాలు తీసుకున్నారు. వందమందిలో నిలబడి ఉపన్యాసం ఇవ్వడం ఆమెకు ఇష్టం ఉండేది కాదు గానీ, ఫోనులో ఆమె ఓపిక చూస్తే ముచ్చటేసేది. ఈ పనిలో ఫొటోకు నిలబడే ఘట్టం ఏదీ లేదు. అందుకే కొందరు సభ్యులకు ఇది రుచించలేదు. పెద్ద శిబిరం లేకపోతే క్లబ్బు పేరు ఎవరికి తెలుస్తుందని వాదించారు. చివరకు శిబిరాన్ని పూర్తిగా మానకుండా చిన్నది చేసి, కొత్త దాతలను చేర్చుకునే సందర్భంగా మాత్రమే ఉంచాం. ఆ రాజీ సబబైనదేనని ఇప్పటికీ అనుకుంటాను.

అతిథి ప్రసంగం ఒక సంస్థ దారినే మార్చిన ఉదాహరణ చరిత్రలోనూ ఉంది. మెల్విన్ జోన్స్ చొరవతో 1917లో ఏర్పడిన లయన్స్ క్లబ్బుల సంఘం 1925లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం సీడార్ పాయింట్ దగ్గర తన మహాసభ జరుపుకుంది. ఆ సభలో హెలెన్ కెల్లర్ ప్రసంగించారు. చూపూ వినికిడీ రెండూ లేని ఆమె సభికులను ప్రశంసించి ఊరుకోలేదు. చీకటిపై పోరాటంలో అంధుల పక్షాన యోధులుగా నిలవమని సూటిగా ఒక పని అప్పగించారు. లయన్స్ క్లబ్బులు నేటికీ కంటి చూపుకు సంబంధించిన సేవతో ముడిపడి ఉండడానికి మూలం ఆ ప్రసంగమే. 1930లో అమెరికాలోని పియోరియా నగరపు లయన్స్ క్లబ్బు, రోడ్డు దాటే అంధులు వాహనాలు నడిపేవారికి స్పష్టంగా కనిపించేలా తెల్ల చేతికర్రను ప్రచారంలోకి తెచ్చింది. 1990లో సైట్‌ఫస్ట్ అనే పేరుతో అంధత్వ నివారణకు ప్రపంచవ్యాప్త కార్యక్రమం మొదలైంది. ఆమె ప్రసంగంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది ఆమె కోరిన తీరు. విన్నవాళ్లు ఇంటికి వెళ్లి ఏం చేయాలో తెలియక తికమకపడే అవకాశమే ఆమె ఇవ్వలేదు.

అందుకని వక్తకు ఆహ్వానం పంపేటప్పుడు నేను సభ సమయం, వచ్చేవారి వివరం రాసి, ఇరవై నిమిషాలు మాట్లాడాలని, చివరలో మా వంటి చిన్న క్లబ్బు చేతికి అందే పని ఒకటి చెప్పాలని తప్పనిసరిగా కోరేవాడిని. పెద్ద పదవిలో ఉన్నవారికి ఈ చివరి కోరిక కష్టంగా ఉంటుంది. వాళ్లు ప్రణాళికల గురించి, లక్ష్యాల గురించి అనర్గళంగా మాట్లాడతారు; చేతికి అందే పని అడిగితే తడబడతారు. వార్డులో రాత్రి డ్యూటీ చేసే నర్సు, వికలాంగ పిల్లలకు పాఠాలు చెప్పే టీచరు, అగ్నిమాపక కేంద్రంలో పనిచేసే ఉద్యోగి ఆ ప్రశ్నకు క్షణం ఆలోచించకుండా జవాబిస్తారు. నేను పిలిచినవారిలో సభ్యులు ఎక్కువ ప్రశ్నలు వేసింది ఇలాంటివారినే. పేరుమోసిన వక్త వచ్చిన రోజున హాలు నిండుతుందన్నది నిజమే, కాదనను. కానీ ఆ రోజున ప్రశ్నలకు సమయం మిగలదు.

సమయం ఎక్కడికి పోతుందో కూడా గమనించండి. పరిచయాలు, ప్రకటనలు, పుట్టినరోజు అభినందనలు, లయన్స్ క్లబ్బుల్లోనైతే టెయిల్ ట్విస్టర్ అనే పదవిలో ఉన్న సభ్యుడు సరదాగా విధించే చిల్లర జరిమానాలు, అన్నీ ముగిసేసరికి వక్తకు మిగిలేది సగం సమయం. ఈ సరదాలు సభ్యుల మధ్య చనువు పెంచుతాయి కాబట్టి వాటిని తీసిపారేయమని అనను. వక్తను వేదిక మీద కూర్చోబెట్టి, ఆయన వంతు వచ్చేసరికి గడియారం చూపించడం మాత్రం అవమానకరం.

ఏదో ఒకటి అమ్ముకోవడానికి వచ్చే వక్తల విషయంలో జాగ్రత్త అవసరం. ఆరోగ్యంపై అవగాహన కల్పిస్తానని వచ్చిన ఒక అతిథి, పదో నిమిషంలో తాను అమ్మే పరికరం ధర పట్టీ బయటకు తీసిన సందర్భం మాకు ఎదురైంది. అధ్యక్షురాలు లేచి, ధన్యవాదాలు చెప్పి, ఆ భాగాన్ని అక్కడితో ఆపించారు. అప్పటినుంచి ఆహ్వానంలోనే వ్యాపార ప్రచారం కూడదని రాస్తున్నాం. రాజకీయాల విషయంలో సంస్థల నిబంధనలే స్పష్టంగా ఉన్నాయి: ప్రజాప్రయోజనం గల ఏ అంశాన్నైనా బహిరంగంగా చర్చించవచ్చు గానీ, పార్టీ రాజకీయాలు, మత శాఖాపరమైన వివాదాలు సభ్యుల మధ్య చర్చకు రాకూడదని లయన్స్ సంస్థ తన ఆశయాల్లోనే చెప్పుకుంది. ఎన్నికల కాలంలో దీన్ని పాటించని క్లబ్బు అయితే మీరు దూరంగా ఉండడమే మంచిది.

వక్తలు బయటివారే కానక్కర్లేదు. 1905 ఫిబ్రవరి 23న చికాగోలో పాల్ హ్యారిస్ మరో ముగ్గురితో కలిసి మొదలుపెట్టిన రోటరీలో, తొలినాళ్లలో ఒక్కో వృత్తి నుంచి ఒక్కరినే చేర్చుకునేవారు; సమావేశాలను సభ్యుల కార్యాలయాల్లో వంతులవారీగా, అంటే రొటేషన్ పద్ధతిలో జరుపుకునేవారు, రోటరీ అనే పేరు కూడా దానివల్లే వచ్చింది. కొత్త సభ్యుడు తన వృత్తి గురించి తోటివారికి ప్రసంగించే పద్ధతి చాలా రోటరీ క్లబ్బుల్లో ఇంకా ఉంది. ఈ ప్రసంగాలకు నేను బయటి వక్తల కంటే ఎక్కువ విలువ ఇస్తాను. ఎవరికి విద్యుత్ పని తెలుసో, ఎవరికి లెక్కలు రాయడం వచ్చో, ఎవరి దగ్గర సరుకు రవాణా వాహనం ఉందో అలాగే తెలుస్తుంది. వరదల వంటి విపత్తు వచ్చిన రోజున ఎవరికి ముందు ఫోన్ చేయాలో వెతుక్కోనక్కర్లేదు. అన్నట్టు, మొదట్లో రోటరీ కూడా పరిచయాల కోసం, వ్యాపార సహకారం కోసం ఏర్పడినదే. చికాగోలో ప్రజల కోసం మరుగుదొడ్లు కట్టించేందుకు 1907లో పూనుకోవడాన్ని ఆ సంస్థ తన తొలి సేవా కార్యక్రమంగా చెప్పుకుంటుంది. కాబట్టి మీరు చూసిన రెండు సమావేశాల్లో పరిచయాలే ఎక్కువగా కనిపించాయంటే దాన్నే పెద్ద లోపంగా తీసుకోకండి.

నా దృష్టిలో ఈ క్లబ్బుల అసలు బలహీనత వేరు. అధ్యక్షుడు ఏటా మారతాడు. జూలై 1న కొత్త కార్యవర్గం రాగానే, పాత అధ్యక్షుడి పేరుతో నడిచిన పని నెమ్మదిగా మూలపడుతుంది, కొత్తవారు తమ పేరుతో మరొకటి మొదలుపెడతారు. అవతల నిలబడి చూస్తున్న పాఠశాలకో ఆసుపత్రికో ఇది చాలా చిరాకు కలిగిస్తుంది. పదవి ఏడాదికే పరిమితమైనా పని దశాబ్దాలు సాగవచ్చని రోటరీ పోలియో విషయంలో నిరూపించింది: 1979లో ఫిలిప్పీన్స్‌లో పిల్లలకు పోలియో చుక్కలు వేయించడంతో మొదలై, 1985లో పోలియోప్లస్ అనే కార్యక్రమంగా మారి, 1988లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ వంటి సంస్థలతో కలిసి ప్రపంచవ్యాప్త ఉద్యమంగా విస్తరించిన ఆ కార్యక్రమం ఎంతమంది అధ్యక్షులు మారినా ఆగలేదు. మా దాతల పట్టికను కూడా కార్యవర్గానికి కాకుండా, మూడేళ్లకోసారి మాత్రమే మారే ఒక ఉపసంఘానికి అప్పగించడం వల్లే అది బతికింది.

ఇక మీరు చేయవలసింది. సభ్యత్వ పత్రం నింపే ముందు కార్యదర్శిని కలిసి, గత ఏడాది వచ్చిన వక్తల పేర్లు, అదే ఏడాది చేసిన సేవా కార్యక్రమాలు అడిగి తెలుసుకోండి. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఏ ప్రసంగం ఏ పనికి దారితీసిందో మీకే కనిపిస్తుంది. ఒక్క జత కూడా కుదరకపోతే నేను చెప్పిన రెండు పద్దుల వ్యవహారమే అక్కడ నడుస్తోందనుకోవచ్చు. నిర్వహణ ఖర్చుల ఖాతా, ప్రజల నుంచి సేకరించిన విరాళాల ఖాతా వేర్వేరుగా ఉన్నాయో లేదో అడగండి. లయన్స్ నిబంధనల ప్రకారం ప్రజల నుంచి వసూలైన సొమ్మును ప్రజల కోసమే ఖర్చుపెట్టాలి, సమావేశాల ఖర్చు సభ్యుల చందాల నుంచే రావాలి. సమాధానం చెప్పడానికి ఇబ్బందిపడే కోశాధికారి ఉన్న చోట చేరవద్దని గట్టిగా చెబుతాను. ఏడాది చందా, ఇతర వసూళ్లు ఎంతవుతాయో కూడా అప్పుడే తెలుసుకుంటే తరువాత మొహమాటం ఉండదు.

అన్నిటికంటే ముఖ్యంగా, మూడోసారి సమావేశానికి కాకుండా, ఏదైనా సేవా కార్యక్రమం జరిగే రోజున వెళ్లండి. బల్లలు మోసేది, పేర్లు రాసుకునేది, అందరూ వెళ్లిపోయాక హాలు ఊడ్చేది ఎవరో చూడండి. సభలో ముందు వరుసలో కనిపించినవారు అక్కడ కూడా కనిపిస్తే ఆ క్లబ్బు మీకు నచ్చుతుంది. చాలా క్లబ్బులు అటువంటి రోజున బయటివారి సాయాన్ని సంతోషంగా తీసుకుంటాయి. అందుకు సభ్యత్వం అక్కర్లేదు, కార్యదర్శికి రెండు రోజుల ముందు ఫోన్ చేసి చెబితే చాలు.