చెరిగిన ఛాసిస్ నంబరు: పాత బుల్లెట్‌కు స్క్రాప్ ఫ్రేమ్ వేయవచ్చా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, పెదవాల్తేరు. మా నాన్నగారు 1971లో కొన్న బుల్లెట్ ఆయన పేరు మీదే ఉంది. ఆయన 2018లో కాలం చేశారు. హుద్‌హుద్ తుఫానుకు షెడ్డు రేకులు లేచిపోయినప్పటి నుంచి బండి ఉప్పుగాలికి తుప్పు పట్టిపోయింది. ఆర్.సి. పుస్తకం ఆ వానలోనే పాడైపోగా జిరాక్సు ఒక్కటి మిగిలింది. ఈమధ్య ఫ్రేమ్‌ను శాండ్ బ్లాస్టింగ్‌కు (ఇసుకను వేగంగా కొట్టి తుప్పు వదిలించడానికి) ఇస్తే సీటు కింది గొట్టానికి చిల్లులు బయటపడ్డాయి, ఛాసిస్ నంబరులో చివరి రెండంకెలు చెరిగిపోయాయి. స్క్రాప్‌లో అదే మోడల్ ఫ్రేమ్ దొరికిందని, దాని నంబరు అరగదీసి మా నంబరు పంచ్ చేయిస్తానని (లోహం మీద అచ్చుతో కొట్టిస్తానని) మెకానిక్ అంటే రెండు వేలు అడ్వాన్సు ఇచ్చాను. ఇందులో చట్టపరమైన ఇబ్బంది ఉందా? వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చా? ఆదివారాలు బీచ్ రోడ్డులో నడపాలన్నది నా కోరిక.

జవాబు: మెకానిక్ చెప్పిన పని చేయించకండి. బండి మీదే అయినా, నంబరు మీదే అయినా, ఒక ఫ్రేమ్ మీది నంబరును అరగదీసి వేరే నంబరు కొట్టడం మరమ్మతు కిందికి రాదు. ఆ స్క్రాప్ ఫ్రేమ్ ఏ బండిదో, ఆ బండి ఎవరి ఇంటి ముందు నుంచి పోయిందో మీకు తెలియదు. దొంగసొత్తు అని తెలిసి గాని, అలా నమ్మడానికి తగిన కారణం ఉండి గాని దురుద్దేశంతో తీసుకున్నవారికి భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. బిల్లు లేని ఫ్రేమ్‌ను కొని, పైగా దాని నంబరును చెరిపించిన మనిషి తనకేమీ తెలియదని కోర్టులో చెప్పుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి. ఆ ఫ్రేమ్ నిజంగా సక్రమమైనదే అయినా, అనుమతి లేకుండా బండి నిర్మాణాన్ని మార్చిన యజమానికి మోటారు వాహనాల చట్టం 182ఎ(4) సెక్షన్ ప్రకారం ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

మీ పాత ఫ్రేమ్‌ను బాగుచేయించుకోవడానికి మాత్రం చట్టం అడ్డు రాదు. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ నిషేధించేది బండి మౌలిక స్వరూపం మారేలా చేసే నిర్మాణపు మార్పునే. తయారీదారు నిర్దేశించిన వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదని సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో స్పష్టం చేసింది. చిల్లులు పడ్డ గొట్టం వరకు కోసి, అదే వ్యాసం, అదే మందం గల గొట్టాన్ని లోపల స్లీవ్ (అతుకుకు బలంగా ఉండే చిన్న గొట్టం) పెట్టి వెల్డింగ్ చేయించడం వల్ల బండి కొలతలు గాని స్వరూపం గాని మారవు కాబట్టి, నా అభిప్రాయంలో అది మరమ్మతే అవుతుంది. అయితే నంబరు ఉన్న నెక్ భాగాన్ని, అంటే హ్యాండిల్ బిగించే ముందు గొట్టాన్ని, ఎవరూ కోయకూడదు, గ్రైండర్ ఆనించకూడదు.

ఇక చెరిగిన అంకెల సంగతి. ముందుగా ఒక పని మీరే చేసి చూడండి. నెక్ దగ్గర టార్చిలైటును పక్కవాటుగా పట్టుకుని, పల్చని తెల్లకాగితం ఆనించి, మెత్తని పెన్సిలును పడుకోబెట్టి నెమ్మదిగా రుద్దండి; ఆర్టీఏ కార్యాలయాల దగ్గర ఛాసిస్ ప్రింట్ తీసేది ఇలాగే. కంటికి ఆనని గీత కొన్నిసార్లు కాగితం మీద తేలుతుంది. అప్పటికీ తేలకపోతే అంతటితో ఆపేయండి. పంచ్ కొట్టినప్పుడు అంకె అడుగున లోహం కూడా నొక్కుకుపోతుంది గనుక, పైపొర అరిగినా ఫోరెన్సిక్ నిపుణులు రసాయనాలతో ఆ అంకెను మళ్లీ రప్పించగలిగే అవకాశం ఉంటుంది. మీరు యాసిడ్ పూసినా, ఎమెరీ కాగితంతో రుద్దినా, పైన పౌడర్ కోటింగ్ వేయించినా ఆ అవకాశాన్ని చేజేతులా పోగొట్టుకున్నట్టే. ప్రస్తుతానికి ఆ చోట పల్చగా నూనె రాసి, తేదీ కనిపించేలా ఫొటోలు తీసి ఉంచండి.

తరువాత మాధవధారలోని రవాణా శాఖ కార్యాలయంలో మీ బండి తాలూకు బి-రిజిస్టర్ ఎక్స్‌ట్రాక్ట్‌కు (ఆ కార్యాలయపు రిజిస్ట్రేషన్ రికార్డులోని వివరాల నకలుకు) దరఖాస్తు పెట్టండి. 1971 నాటి రికార్డు కంప్యూటర్‌లోకి ఎక్కకపోయి ఉండవచ్చు. మీ దగ్గరున్న ఆర్.సి. జిరాక్సు, పాత ఇన్సూరెన్సు కాగితాలు అప్పుడు అక్కరకొస్తాయి. ఎక్స్‌ట్రాక్ట్‌లోని ఇంజిన్ నంబరు మీ ఇంజిన్ మీదున్న దానితోనూ, ఛాసిస్ నంబరులో మిగిలిన అంకెలు ఫ్రేమ్ మీద ఉన్నవాటితోనూ సరిపోతే మీ వాదనకు అదే వెన్నెముక. దానికి శాండ్ బ్లాస్టింగ్ రసీదు, జాతీయ నేర రికార్డుల బ్యూరో వాహన్ సమన్వయ్ సేవ ద్వారా బండి దొంగతనం కేసుల్లో ఉందో లేదో తెలుపుతూ ఇచ్చే నివేదిక జతచేసి, నంబరు ఎలా చెరిగిందో దాచకుండా రాసి, తిరిగి పంచ్ చేయించుకోవడానికి లిఖితపూర్వక అనుమతి కోరండి. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ బండిని చూసి, అనుమతి చేతికి వచ్చాకే పంచ్ పడాలి. పని అయ్యాక చెబుదాంలే అనుకుంటే మీ నిజాయితీని మీరే అనుమానాస్పదం చేసుకున్నవారవుతారు.

పోయిన ఆర్.సి.కి పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు చేసి, ఫారం 26తో డూప్లికేట్ కోరాలి. పేరు మార్పిడికి ఫారం 31. యజమాని మరణించిన మూడు నెలల్లోపు ఆ దరఖాస్తు పెట్టాలన్నది నిబంధన. మీకు ఏళ్లు దాటాయి కనుక జాప్యానికి రుసుము చెల్లించాల్సి రావచ్చు. ఇక్కడ చాలామంది మరచిపోయేది ఒకటుంది: బండి కూడా ఆస్తే. హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ అమ్మగారికి, అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు అందులో మీతో సమానంగా భాగం ఉంటుంది. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌తో పాటు వారందరి నిరభ్యంతర అఫిడవిట్లు తీసుకోండి.

వింటేజ్ రిజిస్ట్రేషన్ మీకు వద్దనే నా సలహా. 2021లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో చేర్చిన 81ఎ మొదలైన నియమాల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉండి, ఛాసిస్‌లో గాని ఇంజిన్‌లో గాని మార్పు జరగని బండ్లకే ఆ హోదా దక్కుతుంది. గొట్టం మార్చిన ఫ్రేమ్‌ను పరిశీలక కమిటీ ఎలా చూస్తుందో ముందుగా చెప్పలేం. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు. అంత కట్టినా ప్రదర్శనలకు, వింటేజ్ ర్యాలీలకు, ఇంధనానికి, మరమ్మతుకు తప్ప రోడ్డెక్కకూడదు. మీ ఆదివారపు షికారు ఇందులో ఇమడదు. ఫారం 25తో మామూలు రెన్యువల్ చేయిస్తే, తనిఖీలో బండి సరిగా ఉన్నట్లయితే ఐదేళ్లకు పొడిగిస్తారు. అది పూర్తయ్యేదాకా బండిని తనిఖీకి కూడా ట్రాలీ ఆటోలోనే తీసుకెళ్లండి.

బ్లాస్టింగ్ చేసినవారి మీద చర్య గురించి మీరు అడగలేదు గాని, నంబరు మీద టేపు అంటించకుండా ఇసుక కొట్టడం సేవాలోపమేనని నా ఉద్దేశం. రెండేళ్లలోపు విశాఖలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన ప్రతిఫలం 5 లక్షల లోపు ఉంటే ఫీజు కూడా లేదు. చిల్లుల విషయంలో మాత్రం వారిని తప్పుపట్టడం కష్టం, ఎందుకంటే ఆ గొట్టాన్ని తినేసింది తుప్పే.

స్క్రాప్ ఫ్రేమ్‌కు ఇచ్చిన రెండు వేలను మర్యాదగా వెనక్కి అడగండి. ఇవ్వకపోతే వదిలేయండి గాని, ఆ డబ్బుకు బదులుగా ఫ్రేమ్‌ను మాత్రం ఇంటికి తెచ్చుకోకండి.