ఎండలో ఎంతసేపు ఆడిస్తే సైట్ తగ్గుతుంది?

ప్రశ్న: మాది తిరుపతి, బైరాగిపట్టెడ. మా బాబుకు తొమ్మిదేళ్ళు, నాలుగో తరగతి. పోయినేడాది మైనస్ 1.25తో కళ్ళజోడు పెట్టించాం. మొన్న కళ్ళద్దాల షాపులో కంప్యూటర్ టెస్టు చేయిస్తే 2.25 అన్నారు. ఎండలో ఆడిస్తే సైట్ తగ్గుతుందని యూట్యూబ్‌లో చూశాను. రోజుకు ఎన్ని నిమిషాలు, ఏ టైములో ఉంచాలి? పొద్దున్నే మిద్దె మీద నిలబడి సూర్యుణ్ణి చూడమని వాళ్ళ అవ్వ చెబుతోంది. కానీ ఎండలోకి వెళ్తే వాడికి కళ్ళు ఎర్రబడి దురద పెడతాయి. రెండేళ్ళుగా ఇదే బాధ. మెడికల్ షాపులో ఇచ్చిన చుక్కల మందు వేస్తే సాయంత్రానికే తగ్గిపోతుంది. కళ్ళు ఇంకా పాడవుతాయేమోనని బయట ఆడుకోవడానికి పంపడం మానేశాం. వాళ్ళ నాన్నకూ సైట్ ఉంది. మాకు ఐదేళ్ళ పాప కూడా ఉంది. కళ్ళజోడు లేకుండా పోయే మార్గం చెప్పండి.
– ఒక తల్లి, తిరుపతి

డాక్టర్ సలహా: అమ్మా, ఎండ సంగతికి తర్వాత వస్తాను. ముందు ఆ చుక్కల మందు విషయం తేలాలి.

మందు పేరు మీరు రాయలేదు. రెండేళ్ళుగా వాడుతున్నారు, వేస్తే సాయంత్రానికల్లా ఎరుపూ దురదా పోతున్నాయి అంటే అందులో స్టెరాయిడ్ ఉందేమోనని నా అనుమానం. పిల్లవాణ్ణి చూడకుండా, సీసా చూడకుండా ఖాయంగా చెప్పలేను. మీరే సీసా తీసి, చిన్న అక్షరాల్లో డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసలోన్ లాంటి పేరేదైనా ఉందేమో చదవండి. యాంటీబయాటిక్ పేరు పెద్దగా, దాని కింద స్టెరాయిడ్ పేరు చిన్నగా ఉండే మందులు కూడా ఉంటాయి. ‘ఇన్‌ఫెక్షన్‌కి మంచి మందమ్మా’ అని షాపులో ఇచ్చేది చాలాసార్లు అదే.

స్టెరాయిడ్ చెడ్డ మందు కాదు. నేనూ రాస్తాను. ఎన్ని రోజులు వేయాలో, ఎప్పుడు తగ్గించాలో లెక్క చూసి రాస్తాను, మధ్యలో పిలిపించి కంటి ప్రెజర్ చూస్తాను. ఆ లెక్క లేకుండా నెలల తరబడి వేస్తే కొందరికి కంట్లో ప్రెజర్ పెరుగుతుంది. మామూలుగా (పాదరసం లెక్కలో) 10 నుంచి 21 మిల్లీమీటర్ల మధ్య ఉండాల్సింది పిల్లల్లో తొందరగా, పెద్దవాళ్ళకన్నా ఎక్కువగా పెరగొచ్చు. అప్పుడు నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. ఇంకా చెప్పాలంటే మందు వేసిన కన్ను తెల్లగా, ఆరోగ్యంగా కనిపిస్తుంది. లోపల నరం మాత్రం చెద పట్టిన దూలంలా చడీచప్పుడు లేకుండా పోతూ ఉంటుంది. దీన్నే గ్లకోమా, నీటికాసులు అంటాం. పోయిన చూపును ఏ ఆపరేషనూ వెనక్కి తేలేదు. కొంతమంది పిల్లలకు చిన్న వయసులోనే శుక్లం కూడా వస్తుంది. బోర్డు కనిపించట్లేదని మూడోసారి కళ్ళద్దాలు మార్చి, అప్పటికీ కనిపించక మా దగ్గరికి తెచ్చేవాళ్ళుంటారు. అడిగితే ఒకటే మాట – ‘మెడికల్ షాపాయన తెలిసినాయనే సార్’. ఆయన తెలిసినాయనే కావచ్చు, ప్రెజర్ చూసే మిషను ఆయన దగ్గర లేదు కదా. ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మకూడని మందు అది. మీరు అడగబట్టే ఆయన ఇస్తున్నాడు. మిమ్మల్ని తప్పుపట్టాలని కాదు గానీ, రెండేళ్ళలో ఒక్కసారైనా కంటి డాక్టరుకు చూపించి ఉండాల్సింది.

ఇప్పుడు చేయాల్సింది ఇదీ. కొత్త సీసా కొనకండి. ప్రస్తుతం రోజూ వేస్తున్నట్టయితే మీ అంతట మీరు ఠక్కున ఆపేయవద్దు, దురద ఒక్కసారిగా తిరగబెట్టొచ్చు. రెండు మూడు రోజుల్లోనే కంటి డాక్టరు దగ్గరికి సీసాతో సహా వెళ్ళండి. మీ ఊళ్ళో రుయా ప్రభుత్వాసుపత్రిలో కంటి విభాగం ఉంది, అరవింద్ వాళ్ళ కంటి ఆసుపత్రి ఉంది. మీకు నమ్మకమున్న ప్రైవేటు డాక్టరైనా సరే. ప్రెజర్ చూడమని, కంటి నరం చూడమని నోరు తెరిచి అడగండి.

ఇక ఆ దురద. మీరు చెప్పినదాన్ని బట్టి ఇది అలర్జీ కావచ్చు. మన ప్రాంతంలాగా వేడి, దుమ్ము ఉన్నచోట ఐదు నుంచి పదిహేనేళ్ళ పిల్లల్లో, ముఖ్యంగా మగపిల్లల్లో, ఒక రకం కంటి అలర్జీ ఎక్కువ. దురద, వెలుతురు చూడలేకపోవడం, పొద్దున లేచేసరికి తీగలా సాగే తెల్లని పుసులు దాని లక్షణాలు. చాలామందికి యుక్తవయసు వచ్చాక తగ్గిపోతుంది. అందాకా స్టెరాయిడ్ లేని అలర్జీ చుక్కలు, కన్నీటి చుక్కలు, చన్నీటి గుడ్డ కాపడం వీటితోనే చాలావరకు నెట్టుకురావచ్చు. ఏ చుక్కలన్నది చూసిన డాక్టరు నిర్ణయించాలి. నాకు ఇంకో భయం కూడా ఉంది. పిల్లవాడు కళ్ళు నులుముతున్నాడా? పిడికిలి బిగించి, వేళ్ళ కణుపులతో గట్టిగా రుద్దుతాడేమో గమనించండి. అలా ఏళ్ళ తరబడి నులిమితే కొందరికి నల్లగుడ్డు మీది పారదర్శక పొర పలచబడి ముందుకు పొడుచుకొస్తుంది. దాంతో కూడా పవర్ గబగబా పెరుగుతుంది. ఏడాదిలో ఒక పాయింటు పెరిగిందన్నారు కాబట్టి అదీ చూడమంటున్నాను.

అసలు ఆ 2.25 ఎంతవరకు నిజమో కూడా తేలాలి. పిల్లలు మిషనులోకి చూసేటప్పుడు కంటి కండరాన్ని బిగబట్టేస్తారు. అందుకని కంప్యూటర్ లెక్క మైనస్ ఎక్కువ చూపించడం మామూలే. కండరాన్ని వదులు చేసే చుక్కలు వేసి, కాసేపాగి చేసిన పరీక్షే పిల్లలకు సరైనది. ఆ రోజంతా దగ్గరివి మసకగా ఉంటాయి, వెలుతురు గుచ్చుకుంటుంది. హోంవర్క్ రాయలేదని స్కూల్లో దెబ్బలు పడకుండా ముందే చెప్పి ఉంచండి.

ఇక ఎండ. యూట్యూబ్‌లో చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. సైట్ అంటే కనుగుడ్డు ఉండాల్సినదానికన్నా పొడుగ్గా పెరగడం. ఒక్క మిల్లీమీటరు ఎక్కువ పెరిగితే ఇంచుమించు రెండున్నర, మూడు పాయింట్ల మైనస్ వస్తుంది. ఆరుబయటి వెలుతురు కంట్లో పడితే రెటీనా (కంటి వెనకుండే తెర) నుంచి డోపమైన్ అనే రసాయనం విడుదలై ఆ పెరుగుదలకు పగ్గం వేస్తుందని ఇప్పటివరకు ఉన్న అవగాహన. పెరిగిన గుడ్డు మాత్రం వెనక్కి కుంచించుకుపోదు. కాబట్టి ఎంత ఎండలో ఆడినా ఉన్న కళ్ళజోడు పోదు. మునగాకు, క్యారెట్, కంటి వ్యాయామాలు కూడా ఆ పని చేయలేవు. అవన్నీ తినిపించండి, వద్దనను, పవర్ కోసమని మాత్రం కాదు.

చైనాలోని గ్వాంగ్‌జౌలో ఆరేడేళ్ళ పిల్లలకు బడిలో రోజూ 40 నిమిషాల ఆరుబయటి తరగతి అదనంగా పెట్టి మూడేళ్ళు చూశారు. మామూలు బళ్ళలో 39.5 శాతం మందికి కొత్తగా సైట్ వస్తే, ఈ బళ్ళలో 30.4 శాతం మందికే వచ్చింది. 2015లో వచ్చిన ఫలితాలివి. తైవాన్‌లో 2010 నుంచి రోజుకు రెండు గంటలు పిల్లల్ని బయట ఉంచమని బళ్ళకు చెబుతున్నారు. ఢిల్లీ బడిపిల్లల్లో ఎయిమ్స్ వాళ్ళు చూసినప్పుడూ వారానికి 14 గంటలకు పైగా బయట ఆడేవాళ్ళలో సైట్ తక్కువగానే కనిపించింది. ఈ లాభం ఎక్కువగా సైట్ రాకుండా ఆపడంలోనే. వచ్చేశాక పెరగడాన్ని ఎంత తగ్గిస్తుందంటే, అంత గట్టిగా చెప్పలేం. అయినా మీ బాబుకు బయటి ఆట వల్ల నష్టం లేదు, లోపల కూర్చోబెడితే మాత్రం ఉంది. బయట ఆట మాన్పించి ఏం చేస్తున్నాడు? ఫోను చూస్తున్నాడేమో!

టైము గురించి అంత టెన్షన్ వద్దు. ఎండే పడాలని లేదు, వెలుతురు చాలు. వెలుతురును లక్సుల్లో కొలుస్తారు. క్లాసు రూములో లైట్లన్నీ వేసినా 300, 400 లక్సులు ఉంటే గొప్ప. వేపచెట్టు నీడలో అది వేలల్లో ఉంటుంది, నిట్టెండలో లక్ష దాకా పోతుంది. నవంబరు ముసురులో కూడా బయటి వెలుతురు గదికన్నా ఎక్కువే. తైవాన్‌లోనే చేసిన మరో పరిశీలనలో వెయ్యి లక్సులు దాటిన నీడపట్టు వెలుతురు కూడా ఉపయోగపడింది. కాబట్టి మన తిరుపతి మే నెల మిట్టమధ్యాహ్నం పిల్లల్ని మాడ్చక్కర్లేదు, వడదెబ్బ తగులుతుంది. పొద్దున ఎనిమిదిలోపు కొంత, బడి వదిలాక దీపాలు పెట్టేదాకా కొంత, ఆదివారం కాస్త ఎక్కువ – మొత్తం రోజుకు రెండు గంటలకు దగ్గరగా వస్తే మంచిది. టోపీ పెట్టండి. దుమ్ము, గాలి తగలకుండా కళ్ళజోడు ఎలాగూ అడ్డం ఉంటుంది. ఇంటికి రాగానే ముఖం చన్నీళ్ళతో కడిగించండి. కిటికీ పక్కన కూర్చోబెట్టి చదివిస్తే సరిపోతుందా అని అడుగుతారు కొందరు. సరిపోదు, బయటికి పంపాలి. నాలుగో తరగతికే ఐఐటీ ఫౌండేషన్ అని సాయంత్రం ఏడు దాకా కూర్చోబెట్టే బళ్ళకు ఈ మాట నచ్చదని నాకు తెలుసు.

సూర్యుణ్ణి చూడమన్న అవ్వగారికి నా మాటగా చెప్పండి, అది మాత్రం వద్దే వద్దు. ఉదయపు సూర్యుడైనా సరే, కన్నార్పకుండా చూస్తే రెటీనా నడిమధ్య కాలి మచ్చ పడే ప్రమాదం ఉంది. నమస్కారం కళ్ళు మూసుకుని పెట్టుకున్నా చెల్లుతుంది.

కళ్ళజోడు తీసేస్తే, తక్కువ పవర్ పెడితే సైట్ పెరగదన్న మాటా నమ్మకండి. సరైన పవర్ పూర్తిగా పెట్టుకోవాలి. ఆర్నెల్లకోసారి చూపించండి. అలా పెరుగుతూనే పోతే తక్కువ మోతాదు అట్రోపిన్ చుక్కలు, పిల్లల కోసం చేసే ప్రత్యేకమైన అద్దాలు ఉన్నాయి. అవి ఎవరికి, ఎంత అన్నది పరీక్ష చేసినవాళ్ళే చెప్పాలి. ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవి కావు. మైనస్ ఆరు దాటితే ముందుముందు రెటీనా ఊడే ప్రమాదం పెరుగుతుంది కాబట్టే ఇంత పట్టింపు.

పాప గురించి మీరు ఒక్క ముక్క రాసి వదిలేశారు. ఆరుబయటి ఆట వల్ల అందరికన్నా ఎక్కువ లాభం ఆ పాపకే. తండ్రికి, అన్నకు సైట్ ఉంది, తనకింకా వచ్చినట్టు లేదు. అన్నతో పాటు తననూ రోజూ బయటికి తరమండి. బాబును చూపించే రోజే తననూ తీసుకెళ్ళి చుక్కలు వేసి పరీక్ష చేయించండి. తనకు కళ్ళు ఎర్రబడ్డా సరే, ఇంట్లో ఉన్న అన్న మందు ఒక్క చుక్క కూడా వేయకండి.