ఎక్స్‌రే బాగానే ఉంది, మరి బొటనవేలి కింద ఈ నొప్పేంటి?

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. ఓ వృద్ధాశ్రమంలో ఆయాగా చేస్తున్నాను. పది రోజుల కింద ఒక పెద్దావిడకు స్నానం చేయించి వస్తుంటే సబ్బునీళ్ల మీద కాలు జారింది. కుడి చెయ్యి నేలకు ఆనించి పడ్డాను. అదే రోజు ఎక్స్‌రే తీసి, ఎముక విరగలేదన్నారు. వాపు తగ్గింది కానీ బొటనవేలి కింద నొప్పి పోవట్లేదు, బకెట్ ఎత్తలేకపోతున్నాను. ఇంట్లోవాళ్లు పసరు కట్టు వేయించుకోమంటున్నారు. ఏం చేయాలి?
– ఓ పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: పసరు కట్టు వద్దమ్మా, మాలిష్ అసలే వద్దు. బొటనవేలిని బాగా పైకి చాపండి. దాని మొదట్లో, మణికట్టు పక్కన చిన్న గుంట పడుతుంది. అక్కడ నొక్కితే కలుక్కుమంటే స్కాఫాయిడ్ అనే ఎముక చిట్లిందేమోనని అనుమానించాలి. జీడిపప్పులా వంకర తిరిగి ఉండే ఈ చిన్న ఎముకలో సన్నటి పగులు మొదటి రోజు ఎక్స్‌రేకు కొన్నిసార్లు దొరకదు. తీసినవాళ్లను తప్పుపట్టలేం. 10–14 రోజులకు మళ్లీ తీస్తే బయటపడొచ్చు. అప్పటికీ తేలకపోతే ఎంఆర్‌ఐ ఉంది.

దీనికి రక్తం ఎక్కువగా వేళ్ల వైపు నుంచి వెనక్కి వస్తుంది. నడుమ విరిగితే మోచేతి వైపు ముక్కకు రక్తం సరిగా అందదు. పట్టించుకోకుండా వదిలేస్తే అది అతుక్కోకపోవచ్చు. అలా అతుక్కోకపోతే పోనుపోనూ మణికట్టు అరిగిపోతుంది. వేళకు కట్టు వేస్తే చాలామందికి 6 నుంచి 12 వారాల్లో నయమవుతుంది. సాధారణంగా ముక్క పక్కకు జరిగితే స్క్రూ మాట వస్తుంది.

ఈ వారంలోనే పాత ఎక్స్‌రే పట్టుకుని ఎముకల డాక్టర్‌ను కలవండి. నొక్కితే నొప్పి లేకపోయినా సరే, బకెట్ ఎత్తలేని చెయ్యిని చూపించాల్సిందే. నెలసరి ఆగిందా, షుగర్, కిడ్నీ సమస్యలున్నాయా అన్నదీ చెప్పండి, వీటివల్ల ఎముక బలహీనపడొచ్చు. ఫ్లోరైడ్ సమస్య ఉన్న మర్రిగూడ వైపు బోరు నీళ్లు తాగి పెరిగినవాళ్లయితే అదీ చెప్పాలి. ఫ్లోరైడ్ చేరిన ఎముక ఎక్స్‌రేలో దట్టంగా కనిపిస్తుంది గానీ లోపల పెళుసుగా ఉంటుంది.

అప్పటిదాకా మణికట్టు, బొటనవేలు కదలకుండా స్ప్లింట్ పెట్టుకోండి. మంచం మీది పెద్దవాళ్లను లేపే పని మాత్రం చేయకండి. నొప్పికి మీ పట్టు జారితే వాళ్ల తుంటి విరగొచ్చు.

డ్యూటీలో పడ్డారు కాబట్టి మేనేజ్‌మెంట్‌తో ప్రమాదం సంగతి రాతపూర్వకంగా నమోదు చేయించండి. జీతంలో ఈఎస్ఐ కట్ అవుతుంటే, డాక్టర్ రెస్ట్ రాసిన రోజులకు వేతనంలో దాదాపు 90 శాతం వస్తుంది. మొహమాటపడకుండా అడగండి. అలాగే బాత్రూమ్ గుమ్మం ముందు జారని మ్యాట్, అరిగిన హవాయి చెప్పుల బదులు గ్రిప్ ఉన్నవి, స్నానాలు కాగానే నేల తుడిచే మనిషి కావాలనీ చెప్పండి.