మొత్తం లెక్కలో దాగిన నష్టం

చిరంజీవికి ఆశీస్సులు.

కాలిఫోర్నియా తీరంలో అబలోనీ (రాళ్లను కరుచుకుని బతికే పెద్ద సముద్రపు నత్త) వేట అంతరించిన తీరుపై నువ్వు పంపిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. శ్రద్ధగా రాశావు. అయితే మనిషి అత్యాశ అన్న మాట ఐదు చోట్ల వచ్చింది కాని, ఆ అత్యాశ ఎవరి కంటా పడకుండా అన్నేళ్లు ఎలా సాగిందన్న సంగతి ఒక్క చోటా రాలేదు. నీ వ్యాసానికి ప్రాణం అక్కడే ఉంది.

1957లో వాణిజ్య వేటగాళ్లు సుమారు 54 లక్షల పౌండ్ల అబలోనీని ఒడ్డుకు చేర్చారు. దానికి ముందూ వెనకా కొన్నేళ్లపాటు మొత్తం దిగుబడి పెద్ద ఒడిదుడుకులు లేకుండా కనిపించడంతో, సముద్రం తట్టుకుంటోందనే అనుకున్నారు. కానీ ఆ మొత్తం అయిదు జాతులను కలిపి వేసిన లెక్క. ఎర్రవి, గులాబీవి తరిగిపోతూ ఉంటే వేట ఆకుపచ్చవాటి మీదికి, తెల్లవాటి మీదికి, చివరికి అంతకుముందు అంతగా పట్టించుకోని నల్లవాటి మీదికి మళ్లింది. ఒక జాతి లోటును మరొక జాతి పూడుస్తూ వచ్చింది కాబట్టి కూడిక మాత్రం చాలాకాలం నిండుగానే కనిపించింది. 1997లో వాణిజ్య వేటను మూసివేసే నాటికి పూడ్చడానికి ఇంకో జాతి లేదు. నీ వ్యాసంలోని ఒక్క గీత గ్రాఫును తీసేసి, జాతికొక గీత చొప్పున గీసి చూడు. నువ్వు వాదించాల్సిన పని చాలావరకు ఆ గీతలే చేస్తాయి.

తెల్ల అబలోనీ గురించి నువ్వు రెండు వాక్యాలతో సరిపెట్టావు. దానికి రెండు పేజీలు ఇవ్వు. లోతైన నీటిలో బతికే ఈ జాతి వేట 1972 ప్రాంతంలో శిఖరానికి చేరి, దశాబ్దం తిరగకుండానే కుప్పకూలింది. 1996లో నిషేధం వచ్చింది, 2001లో అమెరికా చట్టం కింద అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా గుర్తింపు వచ్చింది. సముద్రంలోని వెన్నెముక లేని జీవుల్లో ఆ జాబితాకెక్కిన మొదటిది ఇదే. వేట ఆగినా అది ఎందుకు కోలుకోలేదన్నదే అసలు ప్రశ్న. ఆడా మగా తమ గుడ్లను, వీర్యాన్ని నీటిలోకే వదులుతాయి. తోడు కొద్ది మీటర్ల దూరంలో లేకపోతే అవి కలవకుండానే చెదిరిపోతాయి. అంటే సముద్రంలో ఎన్ని మిగిలాయన్నదాని కన్నా, ఎంత దగ్గరగా మిగిలాయన్నదే ముఖ్యం. అందుకే ఉత్తర కాలిఫోర్నియా ఎర్ర అబలోనీ నిర్వహణ ప్రణాళికలో చదరపు మీటరుకు సగటున 0.3 అబలోనీ కన్నా తగ్గితే వేట మూసివేయాలన్న హద్దు పెట్టారు. ఈ ఒక్క సంఖ్యను నీ పాఠకుడికి అర్థమయ్యేలా చెప్పగలిగితే నీ శ్రమ ఫలించినట్టే.

ఒక చిన్న విషయాన్ని దగ్గరగా చూపించు. అబలోనీ తన బలమైన కండరపు పాదంతో రాయిని కరుచుకుని ఉంటుంది; ఇనుప పట్టీని కిందికి దూర్చి పెకలిస్తారు. దాని రక్తం గడ్డకట్టదు. పట్టీ అంచు ఆ పాదాన్ని కోసిందంటే, పరిమాణం చాలలేదని జాగ్రత్తగా తిరిగి రాతి మీద పెట్టినా అది చనిపోవచ్చు. కనీస పరిమాణ నిబంధనలో ఉన్న లోటు ఈ దృశ్యంతో తెలిసినంతగా ఎంత వివరణతోనూ తెలియదు.

ఇక ఉత్తర తీరంలో సరదా కోసం సాగిన ఎర్ర అబలోనీ వేట విషయంలో తీర్పు చెప్పడానికి తొందరపడకు. అక్కడ 7 అంగుళాల కన్నా చిన్నవాటిని పట్టకూడదన్న హద్దు ఉండేది, గాలి సిలిండర్లు నిషేధం, నీటిలోకి ఊపిరి బిగబట్టే దిగాలి. లోతున ఉన్నవి విత్తనంగా మిగిలేవి. ఇంత మంచి ఏర్పాటు కూడా సముద్రమే మారిపోతే నిలవలేదు. 2013 నుంచి వ్యాధితో సీ అర్చిన్లను తినే నక్షత్ర చేపలు చచ్చిపోయాయి, 2014 నుంచి 2016 వరకు నీరు అసాధారణంగా వేడెక్కింది, అడ్డులేక పెరిగిన, ముళ్ల బంతుల్లాంటి ఊదారంగు సీ అర్చిన్లు కెల్ప్ నాచు అడవులను తినేశాయి. మేత లేక అబలోనీ శరీరాలు చిప్పల్లోనే కుంచించుకుపోయాయి. 2018లో ఆ వేటనూ మూసేశారు. దక్షిణాది వాణిజ్య వేట కథను, ఉత్తరాది కథను ఒకే నేరం కింద కలపడం రెండింటికీ అన్యాయం చేయడమే.

2019లో ప్రయోగశాలలో పెంచిన తెల్ల అబలోనీ పిల్లలను దక్షిణ కాలిఫోర్నియా సముద్రంలోకి వదిలారు. నీ వ్యాసాన్ని అక్కడ మొదలుపెట్టి, వాటిని పక్కపక్కన ఎందుకు పెట్టవలసి వచ్చిందో వెనక్కి వెళ్లి చెప్పు. తిరగరాసిన ప్రతి కోసం ఎదురుచూస్తాను.

ఆశీస్సులతో.